పదహారు ప్రశ్నలకూ ఓకే

పనసగుడ,
11-4-2004

ఓసే గుంటా నిర్మలా,

విశాఖపట్నం ఉప్పుగాలికి నీ జుట్టు ఎంత మిగిలిందో రాయి. ఇక్కడ మీ అమ్మమ్మ యర్రమ్మ, నేను, రెండు మేకలు, ఒక ముసలి కుక్క ఒకే చూరు కింద ఉన్నాం. మేకలు కులాసా. మిగతావాళ్ల సంగతి చెబుతాను.

మా నాన్న పోయి ఏడాది దాటింది గదా. ఆయన ఉన్నంతకాలం చైత్ర పండక్కి ఊరి విత్తనాన్ని అటక మీంచి దించేది ఆయనే. ఈసారి ఆ పని నా నెత్తిన పడింది. ముప్పై రెండు ఇళ్ల చోళ్లు, సామలు, కొర్రలు ఒకే బుట్టలో. దించుతుంటే నాన్న చేతులే గుర్తొచ్చాయి. ఏడుపు కూడా వచ్చింది. పొగ కళ్లలో పడిందని అందరికీ చెప్పాను, నీకు మాత్రం నిజం రాస్తున్నాను.

ఇప్పుడు అసలు బాధ. విత్తనం దించినవాడు తొలకరి పడి దాన్ని భూమిలో వేసేదాకా మూడు మాటలు అనకూడదు, రాయకూడదు. ‘ఉంది’కి ఎదురుమాట, ‘ఔను’కి ఎదురుమాట, ‘కావాలి’కి ఎదురుమాట. నీకు అర్థమయే ఉంటుంది, నేను రాస్తే కొంప మునుగుతుంది. విత్తనం వింటుందట, విని అలుగుతుందట. నోరు జారితే బుట్ట వేరే ఇంటికి పోతుంది. మూడు తరాలుగా మన ఇంట్లో ఉన్న బుట్ట. నీ చిన్నతనమంతా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో గడిచింది కాబట్టి ఇవన్నీ నీకు కొత్త.

మొదటి నాలుగు రోజులు మూగవాడిలా తిరిగాను. ఎవరైనా “కల్లు ఉందేటి ధర్మా?” అంటే ఖాళీ కుండ బోర్లించి చూపించాను. అయిదో రోజు అరకు సంతలో నాకు జ్ఞానోదయం అయింది. కెమెరా మెడలో వేసుకున్న టూరిస్టు ఒకడు మన బుధు పెళ్లాన్ని కాఫీ మొక్క పక్కన నిలబెట్టి “ఓకే?” అన్నాడు. ఆవిడ “ఓకే” అంది. ఫొటో తీశాక వాడు “ఓకే” అన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. వాడు “ఓకే ఓకే” అంటూ వ్యాను ఎక్కి పోయాడు. ఆవిడ వాడి వెనక దుమ్ములోకి “ఓకేరా, నీ పాడె ఓకే” అంది. ఒక్క మాట నిర్మలా. అడగడానికి, ఒప్పుకోడానికి, ఎగ్గొట్టడానికి, తిట్టడానికి. దీన్ని మించిన సరుకు సంతలో ఇంకేముంటుంది?

పైగా మన విత్తనం ఏ కాన్వెంటులోనూ చదివిన దాఖలా సున్నా. ఇంగ్లీషులో ఏమన్నా దానికి తెలిసే దారి మూసుకుపోయింది. అప్పట్నుంచి ఎవరేమడిగినా ఓకే అంటున్నాను. మీ అమ్మమ్మే విసుక్కుంటోంది. “ఏటిరా ఆ కూత? పుంజుకి గొంతులో ముల్లడ్డినట్టు?” అంది. ఓకే అన్నాను.

ఈ నెల ఇరవై రెండున కాఫీ తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మీ ఆఫీసు నుంచే కార్డు వచ్చింది. మూడేళ్లు మందులు మానిపించి ఊరందరినీ ఈ సేంద్రియ కాఫీలోకి లాగింది నేనే. మందులు పడని కాఫీ అని వాళ్లిచ్చే కాగితం చేతికొస్తే మన కాఫీ నేరుగా మీ కంపెనీకి. చెయ్యి జారితే మళ్లీ సంతలో సన్యాసిరావు తక్కెడకి. ఆయన తక్కెడ సంగతి నీకు తెలుసు, అందులో ఏనుగుని వేసినా మేకపిల్ల తూగుతుంది.

మీ మావయ్య
ధర్మ

—

విశాఖపట్నం,
17-4-2004

మావయ్యకి నమస్కారాలు. అమ్మమ్మకి రెండు, మేకలకి ఒకటి.

నీ ఉత్తరం ఆఫీసులో టైపు మిషను కింద పెట్టుకుని చదివి నవ్వాను. మేనేజరు చూసి “ఎవరి దగ్గర్నుంచి?” అన్నాడు. ఓకే అనలేదులే, మా మావయ్య అని చెప్పాను.

అంటే నువ్వు ‘లేదు’ అనకూడదు, ‘కాదు’ అనకూడదు, ‘వద్దు’ అనకూడదు. నేను అనొచ్చు కాబట్టి హాయిగా మూడూ రాశాను. బాగుంది, ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం. కానీ ఆ ఓకేతో మాత్రం జాగ్రత్త మావయ్యా. నాలుగేళ్లుగా దాని మధ్య బతుకుతున్నాను. మా మేనేజరు ఫోను పెట్టేసే ముందు ఓకే అంటే ‘ఇక నోర్ముయ్’ అని. ఫైలు మీద రాస్తే ‘చదవలేదు కానీ సంతకం పెట్టాను’ అని. నేను సెలవడిగినప్పుడు సాగదీసి ‘ఓ...కే’ అన్నాడంటే నా మాట నమ్మలేదని. కాఫీ ఒలకబోసినప్పుడు నవ్వుతూ ‘ఇట్స్ ఓకే’ అన్నాడు, ఆ నెలంతా నాకు పలకరింపు లేదు. ఇన్ని తెలిసినవాళ్లే తడబడతారు. నువ్వు సంతలో నేర్చుకొచ్చి ఇన్‌స్పెక్టరు ముందు వాడకు.

ఎందుకంటే ఆ ఫారం నేనే టైపు చేశాను. పదహారు ప్రశ్నలు. అన్నీ ‘మీరు రసాయన ఎరువు వేస్తారా, పురుగుమందు కొడతారా’ వంటివే. పదహారింటికీ జవాబు ‘లేదు’ అయితేనే కాగితం వస్తుంది. ఇన్‌స్పెక్టరుకి తెలుగు రాదు, వెంట వరహాలరావు గారని మైదానం మనిషి వస్తాడు. ఆయన ఎప్పుడూ రైలు అందుకునే తొందరలో ఉంటాడు.

కాబట్టి ఆ రోజు నీ బదులు బుధుని మాట్లాడమను. లేదా గొంతు నొప్పని చెప్పి తల అడ్డంగా ఊపు. ఓకే మాత్రం అనకు.

నీ మేనకోడలు
నిర్మల

—

పనసగుడ,
24-4-2004

గుంటా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. తనిఖీ మొన్న అయిపోయింది. పోస్టుమాన్‌ని అడిగితే బొర్రా దగ్గర బంధువుల పెళ్లికి వెళ్లాడట, నీ ఉత్తరం కూడా ఆయన సంచిలో పెళ్లిభోజనం చేసి వచ్చింది.

నువ్వు భయపడ్డట్టు ఏమీ జరగక అంతా అద్భుతంగా జరిగింది. ఇన్‌స్పెక్టరు చాలా మంచివాడు, ఎర్రగా, పొడుగ్గా ఉన్నాడు. మీ అమ్మమ్మ అంబలి ఇస్తే తాగి “ఓకే” అన్నాడు. అదిగో, అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. ఈయనా నేనూ ఒకే భాష మాట్లాడతామని.

గ్రూపు లీడర్ని నేనే కాబట్టి నేనే చెప్పాలన్నారు. బుధు ముందుకొస్తే వరహాలరావు పక్కకి నెట్టాడు. గడియారం చూసుకుంటూ మొదలుపెట్టాడు.

“రసాయన ఎరువు వేస్తారా?”

“ఓకే” అన్నాను. తల కూడా అడ్డంగా ఊపాను. ఆయన చూపంతా కాగితం మీదే.

“పురుగుమందు ఇంట్లో పెడతారా?”

“ఓకే.”

“నీడ చెట్లు నరుకుతారా?”

“ఓకే” అంటూ మన సిల్వర్ ఓక్ చెట్టుని కావలించుకుని చూపించాను. మిరియాల తీగ మెడకి చుట్టుకుంది.

మీ అమ్మమ్మ గుమ్మంలోంచి “ఆడి మాట కాదండి బాబూ...” అంటూ ఏదో చెప్పబోయింది. (అయ్యో, పై మాట మీ అమ్మమ్మది, నాకు అంటదు. అయినా భయంగా ఉంది, ఇప్పుడే కాగితం మీద పసుపు చల్లాను.) వరహాలరావు “ముసలమ్మా, నీ వంతు వచ్చినప్పుడు చెబుదువుగాని” అన్నాడు. ఆవిడ వంతు ఇంకా రావలసి ఉంది.

పావుగంటలో పదహారూ పూర్తి. పోతూ పోతూ ఇన్‌స్పెక్టరు నా చెయ్యి గట్టిగా ఊపాడు. ఆయన ముఖంలో జాలి కనిపించింది. పెద్ద మనసున్నవాళ్లకి అలాగే ఉంటుంది. వరహాలరావుకి రైలు అందింది.

వాన జాడ కోసం చూస్తున్నాం. తొలకరి పడితే నా నోటికి విడుదల.

ధర్మ మావయ్య

—

విశాఖపట్నం,
3-5-2004

మావయ్యా,

కూర్చుని చదువు. అమ్మమ్మని కూడా కూర్చోబెట్టు.

రిపోర్టు వచ్చింది. నీ పేరు కింద పదహారు గళ్లలో పదహారు ‘అవును’లు ఉన్నాయి. రసాయన ఎరువు వేస్తావు. పురుగుమందు ఇంట్లో దాస్తావు, అదీ అంబలి కుండ పక్కన. నీడ చెట్లు నరుకుతావు. పిల్లల చేత గింజలు ఏరిస్తావు. పక్క ఊరి కాఫీ తెచ్చి మనదాంట్లో కలుపుతావు. పదహారో ప్రశ్న ఏమిటో తెలుసా? ‘పై జవాబుల్లో ఏదైనా అబద్ధం ఉందా?’ దానికీ ఓకే అన్నావు.

మా మేనేజరు పదిసార్లు చదివి, “ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత నిజాయితీపరుణ్ణి చూడలేదు” అన్నాడు. నేను నవ్వలేకపోయాను. నీ విత్తనం సంగతి చెప్పాను. ఆయన సాగదీసి “ఓ...కే” అన్నాడు. దాని అర్థం ఇదివరకే రాశాను.

ఇది నీ ఒక్కడి గొడవ కాదు. గ్రూపులో ఒకడు తప్పితే ముప్పై రెండు ఇళ్లూ తప్పినట్టే. మళ్లీ మూడేళ్లు మొదటి నుంచి. ఒక్కటే దారి ఉంది. దీనితో ఒక ఫారం పంపుతున్నాను. అందులో నీ చేత్తో ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాలి: ‘పై వాటిలో ఏదీ నిజం కాదు, నేను ఏదీ చేయలేదు.’ మే ముప్పై ఒకటిలోగా ఇక్కడికి చేరితే మళ్లీ తనిఖీ వేస్తారు. ఆ తర్వాత చేరితే ఫైలు మూసేస్తారు.

నీకు విత్తనం మీద ఎంత గౌరవమో నాకు తెలుసు. కానీ ఒక్క వాక్యం మావయ్యా. బేగి పంపు.

నిర్మల

—

పనసగుడ,
10-5-2004

అమ్మా నిర్మలా,

నీ ఉత్తరం ఊరి వాళ్లందరి ముందూ చదివాను. మూడు రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడక, మేకలతోనే గడిపాను. సగం మంది “ఆ ముక్క రాసి పారెయ్, కాఫీ బతుకుద్ది” అంటున్నారు. సగం మంది “ఇత్తనం అలిగితే ఏటి తింటాం, కాఫీ గింజలు నవుల్తామా?” అంటున్నారు. రెండు సగాలూ నన్నే తిడుతున్నాయి, ఆ విషయంలో ఊరంతా ఒక్కమాట మీద ఉంది.

నా లెక్క ఒకటే. ఏటా మే మూడో వారానికి ఒక వాన పడుతుంది. వాన పడిన పూటే విత్తనం వేసి, నీ ఫారం మీద నువ్వు చెప్పిన వాక్యం వందసార్లు రాస్తాను. నాన్న చేతిలోంచి వచ్చిన పని మొదటి ఏడే పాడుచేశాడని అనిపించుకునే ఓపిక నాకు సున్నా.

ఈలోగా మీ మేనేజరుకి నా మాటల్లో ఒక జవాబు రాశాను. ఇదిగో.

‘అయ్యా, మా తోటలో రసాయన ఎరువు అడుగుపెట్టిన రోజు ఇంకా పుట్టవలసి ఉంది. పురుగుమందు డబ్బా మా ఇంటి దారి ఎప్పుడో మరిచిపోయింది. మా పిల్లలు పని అంటే పారిపోతారు, వాళ్ల చేత గింజలు ఏరించగల మగవాడు ఈ కొండల మీద పుట్టాలి. నీడ చెట్లని నరకాలంటే ముందు నన్ను నరకాలి. ఇట్లు తమ విధేయుడు.’

ఇందులో తప్పుపట్టడానికి ఏముంది? చక్కగా ఉందని స్కూలు మేష్టారు కూడా అన్నారు.

మేఘాలు నిన్న గాలికొండ దాకా వచ్చాయి. అక్కడ ఎవరో వాటిని ఓకే అనిపించి పంపేసినట్టున్నారు.

ధర్మ మావయ్య

—

విశాఖపట్నం,
15-5-2004

మావయ్యా,

నీ జవాబు మేనేజరుకి ఇచ్చాను. పెన్సిలు పట్టుకుని చదివాడు. “డబ్బా ఇంటి దారి మరిచిపోయిందంటే అంతకుముందు తెలుసన్నమాట” అని గీత గీశాడు. “పని అంటే పారిపోతారంటే ఎవరో పెట్టబోయారన్నమాట” అని మరో గీత గీశాడు. ‘ముందు నన్ను నరకాలి’ అన్నదాన్ని బెదిరింపు కింద విడిగా ఫైలు చేయమన్నాడు.

నాకు కోపంగా ఉంది. ఈ పదిహేను రోజుల్లో వాన పడుతుందని ఎవరు చెప్పారు? రేడియోలో కేరళకే ఇంకా రాలేదన్నారు. నువ్వు అటకకీ మబ్బుకీ మధ్య కూర్చుని ఓకే ఓకే అంటుంటే ఊరి కాఫీ మొత్తం సన్యాసిరావు తక్కెడలోకి నడిచి వెళ్తోంది.

అందుకని నేనే ఒక పని చేయబోతున్నాను. ఆ రిపోర్టుకి శుభ్రమైన కాపీ టైపు చేసి పైకి పంపేది నేనే. ఇరవై ఎనిమిదో తారీఖు శుక్రవారం సంతకానికి పెడతాను. మేనేజరు చదవకుండా పెడతాడు, ఆ సంగతి నీకు ఇదివరకే రాశాను. పదహారు ‘అవును’ల చోట పదహారు ‘లేదు’లు కొడతాను. అబద్ధమేమీ కాదు గదా, నువ్వు నిజంగా ఏదీ చేయలేదు.

నీకిష్టం లేకపోతే ‘వద్దు’ అని రాయి. ‘ఆగు’, ‘మానుకో’, ‘ఆలోచించు’ వంటి డొంకతిరుగుడు మాటలు నాకు పనికిరావు. ఆ రెండక్షరాలే నీ చేతిరాతతో కనబడాలి. లేకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నువ్వు రాయలేవని నాకు తెలుసు, అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

నిర్మల

—

పనసగుడ,
20-5-2004

నిర్మలా,

ఆగు. మానుకో. ఆలోచించు. ఈ మూడూ పనికిరావన్నావు, అయినా రాస్తున్నాను.

ఆ కాగితం ఇన్‌స్పెక్టరు పేరు మీద ఉన్న కాగితం. ఆయన విన్నది ఒకటి, నువ్వు కొట్టేది ఒకటి. నువ్వు కొట్టేది నిజమే కావచ్చు. ఇంకొకడి పేరు కింద మన నిజం పెడితే దాన్ని దొంగరాత అంటారు. రేపు ఆయన ఒక్క ఉత్తరం ముక్క రాసి అడిగితే దొరికేది నువ్వు. ఈ ఊరి నుంచి ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి పిల్లవి. నీ తర్వాత ఇంకో పిల్ల వెళ్లి ఉద్యోగం అడిగితే ‘పనసగుడ వాళ్లా, తెలుసులే’ అంటారు.

మొన్న అరకు వెళ్లి ఎస్టీడీ బూతు నుంచి మీ ఆఫీసుకి ఫోను చేశాను. మీ మేనేజరు ఎత్తి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నీ పేరు చెప్పాను. టైపిస్టులకి ఫోన్లు ఇవ్వరన్నట్టుగా గట్టిగా ఏదో అన్నాడు. నా నోటికి వచ్చింది ఆ ఒక్క మాటే. ఓకే అన్నాను. ఆయన కూడా ఓకే అని పెట్టేశాడు. బయట బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. అన్ని మాటలు వచ్చినవాడిని, నా మేనకోడలికి ఒక్క మాట అందించే దారి దొరక్క కూర్చున్నాను.

మీ అమ్మమ్మ దగ్గర నీ సంగతి ఇంకా దాచే ఉంచాను. వాన పడేలా ఉంది. ఉంది అనే రాస్తున్నాను, వేరే మాట రాసే వీలు నాకు ఎక్కడిది?

నువ్వు తెలివైనదానివి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో.

ధర్మ మావయ్య

—

విశాఖపట్నం,
23-5-2004

మావయ్యా,

నేను అడిగిన రెండక్షరాలు నీ ఉత్తరంలో లేవు. రెండుసార్లు వెతికాను.

కాగితం టైపు చేసేశాను. సొరుగులో ఉంది. శుక్రవారం పెడతాను. నా ఉద్యోగం గురించి నువ్వు భయపడకు, నీ విత్తనం గురించి నేను భయపడను. చెల్లుకి చెల్లు.

అమ్మమ్మకి చెప్పకు.

నిర్మల

—

పనసగుడ,
27-5-2004

నిర్మలా,

వద్దు.

వద్దు, వద్దు. నేను రసాయన ఎరువు వేయలేదు. పురుగుమందు కొట్టలేదు. చెట్టు నరకలేదు. ఆ రిపోర్టులో ఉన్నది నా మాట కాదు. ఫారం కూడా రాసి సంతకం పెట్టాను, ఇందులోనే ఉంది. నువ్వు దొంగరాత రాయవద్దు.

ఉత్తరం పోస్టులో వేస్తే రేపటికి అందదు. ఈ మధ్యాహ్నం కిరండూల్ నుంచి వచ్చే రైల్లో బుధుని ఎక్కిస్తున్నాను. వాడు ఎప్పుడూ విశాఖపట్నం చూసినవాడు కాదు. స్టేషన్లో తప్పిపోతే పోలీసు దగ్గర కూర్చోమన్నాను. రేపు పొద్దున్న ఆఫీసు తలుపు తీసే వేళకి గుమ్మంలో ఉంటాడు. వాడికి ముందు అన్నం పెట్టించు.

ధర్మ

—

విశాఖపట్నం,
1-6-2004

మావయ్యా,

శుక్రవారం పొద్దున్న నేను వెళ్లేసరికి బుధు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాచ్‌మన్ ఏమడిగినా “ఓకే” అంటున్నాడు, నీ శిష్యరికం బాగానే అబ్బింది. ఉత్తరం నా చేతిలో పెట్టి, “మీ మావ నిన్న రాసి ముందు మాకు సదివి ఇనిపించాడు. ఎవుళ్లూ ఏటీ అన్లేదు” అన్నాడు.

మొదటి మాట చూశాను. నువ్వు రాయలేవనే ధీమాతో నేను ఎంత గీర పోయానో అప్పుడు తెలిసింది. సొరుగులో కాగితం నాలుగు ముక్కలు చేశాను. పదహారు ‘అవును’లతోనే మళ్లీ టైపు చేసి, దాని పైన నీ ఫారం గుచ్చి పెట్టాను. మేనేజరు ఈసారి చదివాడు. “ఇది ముందే పంపొచ్చు గదా?” అన్నాడు. ఆయనకి ఈ మాట ఎంత ఖరీదో తెలీదు.

తొమ్మిదో తారీఖున మళ్లీ తనిఖీ. అదే ఇన్‌స్పెక్టరు. వరహాలరావు గారి బదులు అరకు అమ్మాయి ఒకామె వస్తుంది.

ఊళ్లో ఏమైందో రాయి. బుధుని చెప్పమంటే ఇడ్లీ వంకే చూశాడు. నా మీద కోపం ఉంటే అదీ రాయి.

నిర్మల

—

పనసగుడ,
12-6-2004

నిర్మలా,

నీ మీద కోపం లేదు. చూశావా, ఎంత సులువుగా రాశానో. ఇప్పుడు నాకు అన్ని మాటలూ వచ్చు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను ఉత్తరం చదివి వినిపించిన సాయంత్రమే పెద్దలు కూర్చున్నారు. ఎవరూ కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది. బుట్ట బుధు ఇంటికి వెళ్లాలన్నారు. వాడు విశాఖపట్నం నుంచి వచ్చిన రోజున మన గుమ్మం ముందుకొచ్చి నిలబడి లోపలికి రాలేక, పోలేక అరగంట గోళ్లు గిల్లుకున్నాడు. చివరికి మీ అమ్మమ్మే బుట్ట ఎత్తి వాడి తల మీద పెట్టింది. “బేగి పో, వాన కూడా నీకోసమే కాసుక్కూర్చుందేమో” అంది. తర్వాత మూడు రోజులు నా అంబలి మేకల దగ్గర పెట్టి పోయింది.

నాలుగో రోజున అంబలి ముందు పెట్టి, “గుంట కోసమేనేటిరా?” అంది. ఔనన్నాను. “మరి మొదుట్నే నాకు సెప్పాల్సింది. నీకు మాట పోనాది గానీ నాకు నోరుంది గదా, నాను రైలెక్కి దాని సెవి మెలేసి వద్దును” అంది. నిజమే నిర్మలా. అంత ఇంగ్లీషు నేర్చిన నాకు ఆ ఆలోచన రాలేదు.

తనిఖీ అయింది. ఇన్‌స్పెక్టరు నన్ను చూడగానే భయంగా నవ్వాడు. అరకు అమ్మాయి మన యాసలో నెమ్మదిగా అడిగింది. పదహారు సార్లు లేదన్నాను. రెండు నెలల ఆకలి మీద ఉన్నానేమో, అడగని వాటికి కూడా రెండు మూడు లేదులు ఎక్కువ చెప్పాను. గదులు వెతికారు, తోట తిరిగారు, మట్టి సంచిలో వేసుకున్నారు. మీ అమ్మమ్మ వంతు కూడా వచ్చింది, ఆవిడ గంటసేపు చెప్పింది. వెళ్తూ ఆయన కాగితం మీద గీత పెట్టి నా భుజం తట్టాడు. కాగితం మనకి వచ్చినట్టేనని అరకు అమ్మాయి చెప్పింది.

పదో తారీఖున వాన పడింది. ఫారం గడువు దాటిన పది రోజులకి. నేను దాని కోసమే కూర్చుని ఉంటే ఈపాటికి ఏమయ్యేదో ఊళ్లో అందరికీ అర్థమైంది. కొందరు నాతో మళ్లీ మాట్లాడుతున్నారు. అయినా కట్టుబాటు కట్టుబాటే. బుట్ట ఇల్లు మారింది కాబట్టి పది రోజులు ఆగి, ఇరవయ్యో తారీఖు ఆదివారం విత్తనం వేస్తారు. ఆ రోజు ముప్పై రెండు ఇళ్లూ కల్లంలో వరసగా కూర్చుని తింటాయి. మాట తప్పిన వాడు వరసలో కూర్చోకూడదు. కల్లం అవతల పశువులు నడిచే సందులో, ఆ గోర్జెలో ఒక్కడికే విస్తరి వేస్తారు. ఈ ఒక్క ఏడాదికే, వచ్చే ఏడు మళ్లీ వరసలోకే. మేకలు కూడా అక్కడే మేస్తాయి కాబట్టి తోడుకి కొదవ లేదు.

ఇంతవరకూ వెటకారంగానే రాశాను. కానీ సిగ్గుగా ఉంది. నాన్న ఆ వరసకి మొదట్లో కూర్చునేవాడు. అందరూ నా వైపు చూడకుండా తింటారు, అది నాకు ఇప్పట్నుంచే కనిపిస్తోంది. రాసినందుకు విచారం లేదు. కూర్చోవడానికే కష్టంగా ఉంది.

మావయ్య
ధర్మ

—

విశాఖపట్నం,
16-6-2004

మావయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. రాత్రి అన్నం తినలేదు.

కాగితం పాసయింది. ముప్పై రెండు పేర్లూ నేనే టైపు చేశాను, తప్పు లేకుండా, మూడుసార్లు సరిచూసి. ఊళ్లో చదివి వినిపించు. మొదటి పేరు నీదే పెట్టాను, గ్రూపు లీడరుది ముందు రావాలని రూలు ఉంది. రూలు లేకపోయినా పెట్టేదాన్ని.

మేనేజరు దగ్గరికి వెళ్లి మూడు రోజులు సెలవు కావాలన్నాను. “ఇన్‌స్పెక్షన్ అయిపోయింది గదా, ఇంకేం పని?” అన్నాడు. మా ఊళ్లో విత్తనం వేస్తున్నారని చెప్పాను. ఇవ్వనన్నాడు. జీతం కోసుకోండన్నాను. ఆయన సంతకం పెట్టాడు.

నిన్ను ఆ మాట రాసేదాకా తోసింది నేను. నువ్వు రాయలేవని పందెం కాసినట్టు కూర్చున్నాను. నువ్వు కాఫీ కోసం రాయలేదు, ఊరు సగం తిట్టినా రాయలేదు, నాకోసం రాశావు. ఇది నీకు ఎదురుగా చెప్పాలంటే నాకు నోరు రాదు, అందుకే ఉత్తరంలో రాస్తున్నాను.

శనివారం పొద్దున్న కిరండూల్ పాసింజరుకి బయలుదేరుతున్నాను. స్టేషనుకి ఎవరూ రానక్కర్లేదు, నడిచి వస్తాను. పెద్దలు ఒప్పుకోరని చెప్పకు, నేను ఎవరినీ అడగబోవడం లేదు. మాట తప్పించిన దానికి ఎక్కడ చోటో నాకు తెలుసు.

అమ్మమ్మతో చెప్పు, ఆదివారం గోర్జెలో రెండు విస్తళ్లు వెయ్యమని.

నీ మేనకోడలు
నిర్మల